చేపకు అమ్మవారు పోసినప్పుడు

సారపాక నుంచి ఇల్లందు దాకా ఎవర్నన్నా అడగండి. చేపకు అమ్మవారు పోస్తే నయం చేసిన మొనగాడు ఒక్కడే, అది నేను. మూడు రోజులు అన్నం ముట్టలేదు. గోదావరి నడిమధ్యన ముంచిన బిందెను భుజాన మోసుకొచ్చి, ఆ నీళ్లతోటి దాన్ని యముడి చేతిలోంచి గుంజుకొచ్చిన.

ఆ చేప మా ఇంటామెది. ఆమె ముప్పై ఏండ్లు ఏజెన్సీ ఊళ్లల్ల నర్సమ్మగా తిరిగి రిటైరైన రోజు, తోటి నర్సులంతా కలిసి ఒక అక్వేరియం, అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు కానుకగా ఇచ్చిన్రు. ఒకటి నెల తిరగకుండనే పోయింది. రెండోది నాలుగేండ్లల్ల నా అరచేయంత అయింది. మా ఇంటామె పొద్దున్నే అద్దం మీద వేలితో కొడితే తోక ఊపుకుంటూ వస్తది. నేను కొడితే రాదు. నేను పనిచేసిన కాగితం మిల్లులో నన్ను చూసి లేచి నిలబడేటోళ్లు ఉండేటోళ్లు. ఈ చేప మాత్రం నన్ను ఏనాడూ మనిషి కింద జమకట్టలేదు.

పోయిన శివరాత్రికి ముందు ఇల్లందులో మా ఇంటామె అక్కకు మోకాలి ఆపరేషన్ అయింది. పది రోజులు తోడుండాలె. పెళ్లయిన నలభై ఏండ్లల్ల ఆమె నా చేతికి ఏదీ అప్పజెప్పి ఎరగదు. పొయ్యి మీద పాలు పెట్టి బయటికి పోవాల్సొస్తే, ఇంట్ల నేనున్నా సరే, స్టవ్ ఆర్పేసి పోతది. అసుంటిది ఆ రోజు బ్యాగు భుజానేసుకొని, చేప మేత డబ్బా నా చేతుల పెట్టింది.

"పొద్దున ఒక చిటికెడు, మాపటికి ఒక చిటికెడు. ఇంక దేన్నీ ముట్టకు. సమజైందా?"

"అవ్. చేపే గదా, ఏనుగు గాదు గదా."

"ఏనుగైతే నేను నిమ్మళంగ పోయేదాన్ని. అదే నిన్ను చూసుకునేది."

ఆమెను బస్సెక్కించి ఇంటికొస్తుంటే నాకు ఈ వయసుల ప్రమోషన్ వచ్చినట్టనిపించింది. ఈ పది రోజులు గడిస్తే చాలు, ఆ ఇంట్ల నన్ను గూడ నమ్మొచ్చని తేలిపోతది.

ప్రమోషన్ వచ్చినోడు ఊకె కూసోడు గదా. మూడో రోజు పొద్దున తొట్టి అడుగున మురికి కనబడ్డది. ఆమె వచ్చేసరికి తళతళ మెరవాలని నీళ్లన్నీ తోడి పారబోసి, నల్లా తిప్పి కొత్తనీళ్లు నింపిన. మా అడవి పక్క చలి ఎట్లుంటదో చెప్పనక్కర్లేదు. ఆ నీళ్లల్ల నా వేళ్లే కొంకర్లు పోయినయి. చేప సంగతి నాకు తట్టలేదు. రెండు రోజులకు దాని ఒంటి మీద, రెక్కల మీద, ఉప్పు చల్లినట్టు తెల్లటి పొక్కులు లేచినయి.

చూడంగనే నాకు తెలిసిపోయింది. చిన్నప్పుడు నాకు గూడ గట్లనే లేస్తే అమ్మవారు పోసిందన్నరు. అప్పుడు మా అమ్మ చేసినవన్నీ నాకు యాదికున్నయి. వేపాకు పక్క, పసుపు నీళ్లు, గుమ్మానికి వేపమండలు. ఇంట్ల తాళింపు చప్పుడు వినబడొద్దు, గడ్డం గీకొద్దు, బయటోళ్లు లోపలికి రావొద్దు. ఒక్కటి తక్కువ గాకుండ అన్నీ చేసిన. చేపకు పక్క పరిచేది లేదు గనుక రెండు వేపమండలు తొట్టిలనే ముంచి, పైన ఇంత పసుపు చల్లిన.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలె. పైన రాసిన గోదావరి బిందె ఉత్తదే. మా వంటింటి నల్లా, నీలం మగ్గు, అంతే. అన్నం ముట్టలేదన్నది గూడ సాగదీసిన ముచ్చటే. మూడు పూటలా తిన్న. కాకపోతే తాళింపు లేని చప్పిడి పప్పు, పెరుగు. జబ్బు చేపది, పత్యం నాది. ఈ ఒక్క ముక్క మాత్రం నిజం, నమ్మాలె.

గుమ్మానికి వేపమండలు చూసి మా వాడకట్టోళ్లు ఇంకోటి అనుకున్నరు. పాలామె పాలు గేటు బయటనే పెట్టి, "సారూ, పైలం! గోకకుండ్రి!" అని అరిచి పోయింది. రోజూ పేపర్ కోసం వచ్చే పక్కింటాయన రోడ్డు అవతలి నుంచే రెండు చేతులెత్తి దండం పెట్టిండు. నలభై ఏండ్ల సోపతిల ఎన్నడూ నాకు దండం పెట్టనోడు! అది అమ్మవారికని తర్వాత అర్థమైంది. పిలిచి అసలు సంగతి ఎందుకు చెప్పలేదంటరా? చేపకు అమ్మవారు పోసిందని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?

చివరికి పాలామె ఇల్లందుకు ఫోన్ కొట్టింది: "అమ్మా, సారుకు అమ్మవారు పోసింది. గడ్డం పెంచుకొని ఒక్కడే కూసున్నడు."

మా ఇంటామె తెల్లారి మొదటి బస్సుకే వచ్చి దిగింది. చెప్పులన్నా ఇడవకుండ నా అంగీ పైకెత్తి వీపు చూసింది. చేతులు చూసింది. నాలుక చాపమన్నది.

"ఏందయ్యా, ఒక్క పొక్కు లేదు?"

నేను తొట్టి దిక్కు వేలు చూపిన.

నీళ్లు కషాయం రంగుకు తిరిగినయి. చేప పైకొచ్చి, నోరు తెరుచుకుంట మూసుకుంట గాలి కోసం కొట్లాడుతున్నది. తిడుతదనుకున్న. తిట్టలేదు. తిడితేనే బాగుండు.

"నీళ్లు మార్చినవా?"

"కొంచెం."

"ఎంత కొంచెం?"

"మొత్తం."

"నల్లా నీళ్లే? ఒక దినం పట్టి పెట్టకుండ?"

"చల్లగ మంచిగున్నయి గదా అని..."

భద్రాచలంల చేపలమ్మే దుకాణం ఆయనకు ఫోన్ కలిపి, పొక్కులు ఎట్లున్నయో చెప్పి, అంతా విన్నది. విని నా దిక్కు తిరిగింది. "అమ్మవారు గాదు, ఏంగాదు. కండ్లకు కనబడని పురుగంట. చలికి చేప నీరసపడితే పట్టుకుంటదంట. నువ్వు చలిల ముంచినవు, మీదికెళ్లి కషాయం పోసినవు."

ఒక్కొక్క వేపమండ తీసి పక్కన పెడుతూ, నెమ్మదిగ అన్నది: "పసిపిల్లల్ని గూడ గిట్లనే ఆకుల మీద పండబెట్టి, ఆఖర్న దవాఖానాకు తెచ్చేటోళ్లు. ఆళ్లను ఒక్క మాట అనబుద్ధయ్యేది గాదు. చేసిందంతా పానం కొట్టుకొనే గదా." రెండో మండ నీళ్లు దులిపి, "నిన్ను మాత్రం నాలుగు మాటలు అంటా. జర ఆగు, చేప బతకనీ."

ఆ దుకాణానికి జల్దీ పోయి నీళ్లు వెచ్చబెట్టే హీటరు, పురుగు చావనీకి నీళ్లల్ల కలిపే నీలం మందు పట్టుకొచ్చింది మాత్రం నేనే. అక్కడి నుంచి మా ఇల్లు వార్డయింది. రోజూ నాలుగో వంతు నీళ్లే మార్చాలె. పోసేవి ముందు రోజు పట్టి పెట్టినవి కావాలె, తొట్టి నీళ్లంత వెచ్చగుండాలె. సన్న పైపుతోటి అడుగున మురికి గుంజాలె. గల్లుప్పు తూకం వేసి కరిగించాలె. ఎన్ని గంటలకు ఏం చేయాల్నో కాగితం మీద రాసి గోడకంటించింది. ఆ కాగితంల నా పని ఒక్కటే, బకెట్లు మోసుడు.

నాలుగో రోజుకు పొక్కులు కనబడలేదు. నేను ఎగిరినంత పని చేసిన. "చూసినవా! నా వేపాకు ఇప్పుడు పట్టింది!"

"తగ్గలేదు. పురుగులు అడుగున రాలి పిల్లలు పెడుతున్నయి. బకెట్ తే."

అన్నట్టే మళ్ల లేచినయి, కాకపోతే ఈసారి నాలుగైదే. ఇంకో వారం అదే పని. ఒక పొద్దున ఆమె అద్దం మీద వేలితో కొడితే చేప తోక ఊపుకుంటూ వచ్చింది. ఆమె ముక్కు చీదుకొని, జలుబన్నది.

శివరాత్రి దాటినంక, సగంల ఇడిసొచ్చిన అక్క దగ్గరికి ఇంకో నాలుగు రోజులకు పోయింది. ఈసారి గూడ ఇల్లూ తొట్టీ నా మీదనే ఇడిసిపెట్టింది. ఒకసారి తప్పు చేసినోణ్ణి మళ్ల నమ్ముడంటే మాటలు గాదు. ఆ నాలుగు రోజులు నేను దేన్నీ ముట్టలేదు. రెండు పూటలా తొట్టి అద్దం ముంగట కుర్చీ వేసుకొని కాపలా కూసున్న. నలుసంత పొరపాటు గూడ జరగలేదు.

ఇక్కడిదాకా రాసి మా ఇంటామెకు చదివి వినిపించిన. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటనే విన్నది.

"పొరపాటు యాడికెళ్లి జరుగుతది? తొట్టిల చేప లేకపాయె. దాన్ని నీళ్ల క్యాన్‌ల పెట్టుకొని, బస్సుల నా ఒళ్లె కూసోబెట్టుకొని ఇల్లందుకు తీస్కపోయిన గదా. గది గూడ రాయి."