మొదటి పేరా ఎదుటి పక్షానిది

ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా వేళ్లకు తగిలితే చాలు, జరీనా గారు గుర్తొస్తారు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మెట్ల పక్క గదిలో ఆవిడ డీటీపీ సెంటర్ నడిపేవారు. శుభలేఖలు, కరపత్రాలు వేసి, ఆ సంపాదనతో నెలనెలా ఒక హేతువాద పత్రిక తెచ్చేవారు. దానికి పేజీలు పెట్టేది నేను. మా వాదసభల్లో ఆవిడ పెట్టిన నియమం ఒకటే: ఎదుటివాడి వాదాన్ని అతనే తలూపేలా చెప్పాకే నీది మొదలుపెట్టాలి.

ఒక నెల సంచిక మంగళగిరి నేతకార్మికుల కోసం. కళ్లలో శుక్లాలు వచ్చినవాళ్లకు ఒక బాబా తాయెత్తు కట్టి, ఆస్పత్రికి వెళితే దాని మహిమ పోతుందని బెదిరిస్తున్నాడు. చూపు పోతే మగ్గం ముందు కూర్చునేదెవరు? ఆదివారం అతను మళ్లీ వస్తున్నాడు. ఆలోగా పత్రిక వాళ్ల చేతుల్లో పడాలి. సరిగ్గా అప్పుడే వైరస్ సోకి మా విండోస్ కుప్పకూలింది. ఫైళ్లు వేరే డిస్కులో ఉండి బతికిపోయాయి. నాతో పనిచేసే ప్రసాద్ కంప్యూటర్‌లోకి విండోస్‌కు బదులు, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాడు. కానీ మా తెలుగు పేజీలు తెరిచే పాత సాఫ్ట్‌వేర్ విండోస్‌ కోసం చేసింది.

"లినక్స్ పక్కనే విండోస్ కూడా పెట్టేద్దాం మేడమ్. కావాల్సినప్పుడు అందులోకి పోవచ్చు" అన్నాడు ప్రసాద్.

"ప్రతిసారీ మెషీన్ ఆపి మళ్లీ లేపాలా? వైన్ అనే ప్రోగ్రామ్ చాలు. విండోస్ లేకుండానే ఆ సాఫ్ట్‌వేర్‌ని లినక్స్‌లో నడిపిస్తుంది" అన్నాను.

"విన్నారా మేడమ్, ఆఫీసులో వైనంట!"

జరీనా గారు నవ్వలేదు. "అమ్మాయ్, ముందు ప్రసాద్ పక్షం నువ్వు చెప్పు."

ఒళ్లు మండింది. అయినా చెప్పాను: అది అసలు విండోసే కాబట్టి సాఫ్ట్‌వేర్ మొరాయించదు, మెషీన్ బలమంతా దానికే దక్కుతుంది. ప్రసాద్ తలూపాడు. తన వంతు రాగానే, వైన్ తేలిక, విండోస్ కొనక్కర్లేదని గొణిగాడు.

"మూడో దారి మర్చిపోయారు. వర్చువల్ మెషీన్. లినక్స్ లోపలే పూర్తి విండోస్ నడుస్తుంది. ఒకే పేజీని మూడిట్లో ప్రింట్ తీయండి. కబుర్లొద్దు" అన్నారావిడ.

వర్చువల్ మెషీన్‌లో పేజీ చక్కగా వచ్చింది కానీ, రెండు వ్యవస్థల బరువు మోయలేక మా ముసలి కంప్యూటర్ ఆయాసపడింది. ప్రసాద్ దారిలో వేగంగా వచ్చింది. కానీ మెయిల్ చూసేది లినక్స్‌లో కాబట్టి, అందులో వచ్చే ప్రతి దిద్దుబాటుకీ మెషీన్ ఆపి లేపాల్సిందే. వైన్‌లో సాఫ్ట్‌వేర్ ఇట్టే తెరుచుకుంది; కాగితం మీద మాత్రం అక్షరాలకు బదులు పిచ్చిగీతలు! ప్రసాద్ చప్పట్లు కొట్టాడు.

"ఓడింది వైనా, నీ పరీక్షా?" అన్నారు జరీనా గారు. "ఆ రెండిట్లో ఉండి, ఇందులో లేనిదేంటి?"

ఫాంట్లు! విండోస్‌లో వేసిన తెలుగు ఫాంట్లను వైన్‌లో వేయలేదు. వేసి మళ్లీ ప్రింట్ తీశాను. ముత్యాల్లా దిగాయి అక్షరాలు. గట్టిగా కేక పెట్టాను. ప్రసాద్ ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఒప్పుకున్నాం తల్లీ" అన్నాడు. స్కానర్ మాత్రం వైన్ మాట వినలేదు. దానికోసం వర్చువల్ మెషీన్ ఉంచుకున్నాం. నేను ముఖం ముడుచుకుంటే ఆవిడ కసిరారు: "దేనికేది పనికొస్తే అది. ఇదేమన్నా మతమా?"

ఆదివారం మంగళగిరిలో బాబా కూర్చున్న చోటే పత్రికలు పంచి, జరీనా గారు ముందు బాబా పక్షమే మాట్లాడారు. "పని మానితే ఇల్లు గడవదు. ఆస్పత్రంటే భయం. ఈయన పక్కన కూచోబెట్టుకుని ప్రేమగా మాట్లాడతారు." అతని శిష్యులు కూడా తలలూపారు. అప్పుడు పత్రిక అతనికి అందించారు. "బాబాగారూ, ఆ కళ్లజోడు తీసేసి, మీ తాయెత్తు కట్టుకుని, మొదటి వరుస చదవండి."

అతను కళ్లజోడు తీయలేదు. జనం నవ్వు వీధి చివరిదాకా వినిపించింది. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన తన తాయెత్తు తెంపి, "ఆస్పత్రికి ఎప్పుడెళ్దామమ్మా?" అనడిగాడు.

జరీనా గారు ఇప్పుడు లేరు. ఆ పాత పేజీలు నా లినక్స్‌లో వైన్ ద్వారా ఇప్పటికీ తెరుచుకుంటాయి. నా చేతిలోని ఈ వెచ్చని కాగితం రేపటి సభలో నేను చదవబోయే ప్రసంగం. మొదటి పేరా అంతా ఎదుటి పక్షానిదే. అది విని వాళ్లు తలలూపుతారు. నేను రెండో పేరా మొదలుపెడతాను.