గోడలోంచి రాలిన నల్ల పొడి

సబీనా పన్నెండేళ్లలో తొమ్మిది అద్దె ఇళ్లు మారింది. వూచ్ నగరంలో ఆమె కుట్టిన కర్టెన్లు లేని వీధి లేదు గానీ, తానున్న ఏ ఇంటి గోడకీ ఒక్క మేకు కొట్టనివ్వలేదు ఎవరూ. కూతురు కింగా పుస్తకాలు అరటిపళ్ల అట్టపెట్టెల్లోనే ఇల్లిల్లూ తిరిగాయి. మా మేడలో నా ఎదుటి వాటాకు వచ్చాక ఇంటాయన షెల్ఫులు బిగించుకోమన్నాడు. "గోడకేమైనా అయితే మర్నాడే ఖాళీ చెయ్యాలి" అని కూడా అన్నాడు, మహానుభావుడు!

డిసెంబరులో ఓ శనివారం పొద్దున, పొగగొట్టాలు ఊడ్చే జెనోన్ మెట్ల మీద ఎదురయ్యాడు. అతను కనబడితే అదృష్టమని, ఎవరి కోటు గుండీ వాళ్లు పట్టుకుని ఏదో ఒకటి కోరుకోవడం మావాళ్ల అలవాటు. సబీనా కూడా గుండీ పట్టుకుని, షెల్ఫులు గట్టిగా నిలవాలని కోరుకుంది. ఏ గోడలో ఏముందో తెలిసిన ఒకే ఒక్క మనిషి పక్కనుంచే వెళ్తుంటే నోరు తెరిచి ఒక్క మాట అడగలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మధ్యాహ్నం మా డ్రిల్లు పట్టుకెళ్లింది. సాయంత్రం నాలుగింటికి తిరిగి ఇవ్వడానికి వచ్చింది. స్వెట్టరు నిండా మసి.

"ఏమ్మా, ఇటుక పొడి నల్లగా ఉంటుందా?"

"మెల్లగా పిన్నీ! మూడు రంధ్రాల్లోంచి ఎర్ర పొడే వచ్చింది. నాలుగోది వేస్తుంటే డ్రిల్లు ఒక్కసారి లోపలికి దిగబడిపోయింది, నల్ల పొడి రాలింది. స్క్రూ బిగించేశాను. ఇంటాయనకి తెలిస్తే రోడ్డున పడతాం."

"ఇంటాయన సంగతి తర్వాత. కింగా ఏది?"

"జ్వరం. ఆ గోడ పక్కనే పడుకుంది. తలనొప్పంటోంది, లేపితే మళ్లీ మగతలోకి జారిపోతోంది. జ్వరమే కదా పిన్నీ? జ్వరమేనని చెప్పు."

కింది వాటాలో లెయోకాడియా ముసలమ్మ బొగ్గుల పొయ్యి అంటించి అప్పటికి గంట దాటింది. నల్ల పొడి రాలిందంటే దాని పొగగొట్టం ఆ గోడలోంచే పైకి వెళుతోందన్నమాట. అందులోని విషవాయువుకి రంగుండదు, వాసనుండదు. కిందటి చలికాలంలో పక్క వీధిలో ఇద్దరు నిద్రలోనే పోయారు.

పరుగెత్తాం. కిటికీలన్నీ బార్లా తెరిచి, పిల్లని దుప్పటితో సహా కింద వాకిట్లోకి మోసుకొచ్చాం. తల వాలిపోతోంది. అంబులెన్సుకి ఫోన్ చేసి, ముసలమ్మ తలుపు బాదాను.

"పొయ్యి ఆర్పి బయటికి రా!"

"చలికి చస్తే నువ్వొచ్చి ఏడుస్తావా?" అని తిడుతూనే ఆర్పి వచ్చింది.

సబీనా మంచులో మోకాళ్ల మీద కూలబడి "కింగా, కింగా" అని పిలుస్తూనే ఉంది. ఎంతసేపటికో పిల్ల కళ్లు తెరిచి వాంతి చేసుకుంది. ఆ వాంతి చూసి మేమిద్దరం ఏడ్చాం. అంబులెన్సువాళ్లు ముక్కుకి ఆక్సిజన్ పెట్టి, గండం గడిచిందన్నారు.

పక్క మేడ నుంచి జెనోన్ పరుగున వచ్చి గోడ చూసి దిగాడు. అతని ముఖం పాలిపోయింది.

"పొద్దున ఎదురుపడ్డాను కదమ్మా, ఒక్క మాట అడగొద్దూ?"

"అడిగాను బాబూ. అదృష్టం అడిగాను."

అంబులెన్సు ఎక్కుతూ ఆమే ఇంటాయనకి ఫోన్ చేసింది. "మీ గోడ పాడుచేశాను. రేపు ఖాళీ చేస్తాను." ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"అట్టపెట్టెలు ఇంకా పారెయ్యలేదులే పిన్నీ."