ఎలుకబోనులో కౌజు పిట్ట

మొన్న మదనపల్లెలో కొత్తగా తెరిచిన పెద్ద అంగడికి కోడలితో పాటు వెళ్లాను. చల్లని అద్దాల బీరువాలో పాలపొట్లాల పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా కనబడింది. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అందుకే ఇప్పటికీ కంటికి ఆనింది ఏదైనా చదవకుండా వదలను. బస్సు నుదుటి మీద ఊరి పేరు, సబ్బు మీద కాగితం, చివరికి పెళ్లిపత్రిక అడుగున ప్రెస్సు పేరు కూడా. ఆ డబ్బా మీదా వేలు పెట్టి కూడబలుక్కున్నాను. కౌజు పిట్ట గుడ్లు. మూత కింద చుక్కలు చుక్కలుగా, ఒక్కో గుంటలో ఒక్కోటి బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. కొందామా అని కోడలు అడిగితే వద్దన్నాను. కానీ అక్కడినుంచి వెంటనే కదల్లేకపోయాను. పుంగనూరులో మా వదిన పెరడు, కంబిజాలీ గూడు, దాని ముందు గొంతుకూర్చుని ఒక పిట్టను మనిషిని తిట్టినట్టు తిడుతున్న వదిన, అన్నీ ఆ చలి బీరువాలోనే కనబడ్డాయి.

వదిన అంటే మా ఆయనకు అక్క. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా పోయేది. భర్త పోయాక ఎవరి పంచనా చేరకుండా విస్తర్లు కుట్టి, కౌజు పిట్టలు పెంచి బతికింది. పిట్టలంటే కోళ్లలాంటివి కావు. ఒక్కోటి గుప్పిట్లో ఇమిడేంత ఉంటుంది, మట్టిరంగు, మట్టిలో కూర్చుంటే కనబడదు. బెదిరితే నిట్టనిలువుగా ఎగిరి నెత్తిని పైకప్పుకు కొట్టుకుంటుంది. అందుకని వదిన గూటి పైన రేకు కింద పాత గోనెపట్ట సాగదీసి కట్టింది. ఆ ఆలోచన ఎవరూ చెప్పింది కాదు. ఒక పిట్ట నెత్తి పగలడం చూసి ఆ రోజే కట్టేసిందట. గూట్లో ఒక మగపిట్ట, మిగతావన్నీ పెట్టలు. అన్నిటికీ పెద్దరికం చేసే పెట్ట ఒకటుండేది. మేత వేస్తే అది తిన్నాకే మిగతావి తినాలి. వదిన దానికి 'అత్త' అని పేరు పెట్టింది. "ఆ నడక సూడు మే, మా అత్తే. సచ్చి ఈడ పుట్టింది" అనేది.

ఇక నా పిట్ట సంగతి. తొంభైల చివర్లో మేము కుప్పంలో ఉండేవాళ్లం. అరవనాడు వైపు నుంచి ఒకాయన గంపలో కౌజు పిల్లలు తెచ్చి వీధి వీధీ తిరిగి అమ్మేవాడు. వదినను చూసి నాకూ ఆశ పుట్టి కొన్ని తీసుకున్నాను. బొటనవేలంత పిల్లలు. నీళ్ల మూకుట్లో పడి చస్తాయని గులకరాళ్లు పోసి పెట్టాను, అట్టపెట్టెలో బల్బు వేలాడదీసి వెచ్చగా పడుకోబెట్టాను. వానకు ఒక పూటంతా కరెంటు పోయింది. నేను పొయ్యి దగ్గర పెట్టి, చీర కప్పి, చేతనైనదల్లా చేశాను. ఒక్కటే మిగిలింది. మిగిలినదాన్ని ఒడిలో పెట్టుకుని పనిచేసుకునేదాన్ని. అది నన్ను తల్లి అనుకుందో గూడు అనుకుందో తెలియదు కానీ, నేను నీళ్లకు పోయి వచ్చేలోపల గొంతు పోయేలా అరిచేది. అరిచి అరిచి మేత ముట్టేది కాదు. ఒంటరి పిట్ట బతకదని అందరూ చెప్పారు, నాకూ అట్లాగే అనిపించసాగింది.

అంతలో మా ఆయనకు మదనపల్లెలో ఒక బట్టల అంగడి ముందు మిషన్ వేసుకునే చోటు దొరికింది. ఆయన దర్జీ. అక్కడ ఇల్లు చూసేదాకా నేను పుంగనూరులో వదిన దగ్గర ఉండాలని అనుకున్నాం. పిట్టను బుట్టలో పెట్టి, పైన గుడ్డ కట్టి మా ఆయనతో బస్సెక్కాను. బస్సు నడుస్తున్నంతసేపూ అది గమ్మున ఉండేది, ఆగితే చాలు అరిచేది. పలమనేరు దాటి, గంగవరం దాటేసరికి బస్సులో అందరికీ దాని కథ తెలిసిపోయింది. "అమ్మా, టికెట్టు దానికీ కొట్టల్ల, మనిషికంటే ఎక్కువ మాట్లాడతాండాది" అని కండక్టరు అందరినీ నవ్వించాడు. నేను మాత్రం లోపల ఒకటే అనుకున్నాను. వదిన పిట్టల్లో కలిస్తే ఇది బతుకుతుంది, కలవకపోతే లేదు.

బస్సు దిగి ఇల్లు చేరాక వదిన నాకు కాళ్లకు నీళ్లిస్తోంది. మా ఆయనకు మదనపల్లె బస్సు తప్పిపోతుందని తొందర. బుట్టలోంచి పిట్టను తీసి, పెరట్లోకి వెళ్లి, గూటి తలుపు తీసి లోపలికి వేసేశాడు. చెంబు నా చేతిలో ఉండగానే లోపల రెక్కల చప్పుడు. మేము ఉరికి వెళ్లేసరికి 'అత్త' దాని మీదెక్కి నెత్తి పొడుస్తోంది, మిగతావి తోకవైపు నుంచి తలా ఒక ఈక పీకుతున్నాయి. వదిన చేయి పెట్టి బయటికి లాగింది. నెత్తి మీద తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

"పిట్టను పిట్టల్లో ఇడిసేదానికి ముహూర్తం యాల అనుకుంటి" అన్నాడు మా ఆయన నసుగుతూ.

"రేయ్, నీకు బుద్ధుండాదా? పెండ్లికూతుర్నైనా గడప కాడ నిలబెట్టి, పేరు సెప్పించుకోని కదరా లోపలికి పిలిసేది! దీన్ని సంచి ఇసిరినట్టు ఇసిరేస్తివే!" అంటూనే వదిన పసుపు నూరింది. పసుపు మీద పొయ్యి మసి కూడా పూసింది. మసి ఎందుకని అడిగాను. ఎర్రగా కనబడితే మళ్లీ పొడుస్తాయట. రొమ్ము మీద ఈకలు ఎత్తి చూసి, నల్ల చుక్కలుంటే, "ఆడదే, బతికిపోయినావు. మగదైతే నా చేతిలో కూడా ఏం లేదు" అని దానితోనే చెప్పింది. మసితలతో నా పిట్ట అప్పుడే ఏదో పెద్ద అగ్నిప్రమాదంలోంచి బయటపడ్డదానిలా ఉంది.

మర్నాడు వదిన అటక మీంచి ఎలుకబోను దింపింది. కంబి అల్లికది, పెద్దది. ఎలుక వాసన పోయేలా వేడినీళ్లు పోసి తోమి, ఎండబెట్టి, తలుపు విడిపోకుండా కంబితో కట్టి, నా పిట్టను అందులో పెట్టి బోనుతో సహా గూటి మధ్యలో ఉంచింది. పక్కింటి సాయిబు గోడ మీంచి తొంగి చూశాడు. ఆయనకు బస్టాండు దగ్గర బిర్యానీ హోటలు ఉండేది, వదిన దగ్గర అప్పుడప్పుడూ పిట్టలు తీసుకునేవాడు.

"ఏం తప్పు చేసిందని అక్కా, పసిదాన్ని జైల్లో పెట్టినావు?"

"జైలు కాదప్పా, పెండ్లిసూపులు. ముందు ఒకర్నొకరు సూసుకోనీ."

"అది బతికేది కాదులే. నాకిచ్చెయ్, దాని కష్టం తీరుస్తా."

"నీకిస్తే తీరేది నీ ఆకలి, దాని కష్టం కాదు. పో, నీ బియ్యం మాడిపోతాండాది!"

వదిన చేసిన పనుల్లో నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపించేది మేత వేసే తీరు. బోను కంబికి ఆనించి లోపల కొంచెం నూక, బయట కొంచెం నూక పోసేది. అటువాళ్లూ ఇటువాళ్లూ ఒకే పంక్తిలో, ఎదురెదురుగా తినాల్సిందే. మొదట్లో 'అత్త' తిండి మాని కంబిని పొడిచింది. ముక్కు నొప్పి పుట్టిందో ఏమో, కోపంగా చూస్తూ తినడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు ఒక ముసలి పెట్ట వచ్చి బోనుకు వీపు ఆనించి పడుకుంది. నా పిట్ట లోపలినుంచి దానికి ఆనుకుని పడుకుంది. మధ్యలో కంబి ఉన్నా దానికి వెచ్చదనం అందినట్టుంది, అరుపు మానేసింది. వదినా నేనూ విస్తర్లు కుట్టుకుంటూ, ఊళ్లోవాళ్ల సంగతులన్నీ వదిలేసి పిట్టల సంగతులే మాట్లాడుకునేవాళ్లం.

ఇక ఫరవాలేదనుకుని ఒకనాడు బోను తలుపు తీశాం. నా పిట్ట బయటికి వచ్చి ఒళ్లు దులుపుకునేలోపల 'అత్త' గూడు ఆ కొసనుంచి ఈ కొసకు ఉరికి వచ్చింది. దాన్ని చూసి మిగతావీ వచ్చాయి, వీపు ఆనించి పడుకున్న ముసలి పెట్టతో సహా. మానుతున్న నెత్తి మళ్లీ పగిలింది. మళ్లీ పసుపు, మళ్లీ మసి, మళ్లీ బోను.

ఆ ఆదివారమే మా ఆయన వచ్చాడు. ఇల్లు దొరికింది, కానీ కోడి, కుక్క, పిల్లి ఏదీ కూడదని ఇంటామె ముందే చెప్పిందట. ఎల్లుండి బయలుదేరాలి. పిట్ట నెత్తి చూసి ఆయన మొహం చిన్నబోయింది. "ఇంగ సాయిబుకు ఇచ్చేద్దాం. దినామూ పొడిపించుకోని సచ్చేదానికంటే అదే మేలు కదా" అన్నాడు. తప్పు మాటేం కాదు. నేను మాత్రం కంచం పక్కకు జరిపాను. వదిన చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్లి గూటి ముందు చాలాసేపు కూర్చుంది.

మర్నాడు పొద్దు వాలుతుండగా నన్ను పిలిచింది. "ఇన్ని దినాలు పిల్లను మార్సల్లని సూస్తిమి మే. మార్సాల్సింది ఇంటిని" అంది. నాకు అర్థం కాలేదు. చెప్పడం కంటే చెయ్యడమే ఆమెకు సులువు. ముందు నా పిట్టను బోనులోంచి తీసి నా ఒడిలో పెట్టింది. తువ్వాలు వేసి 'అత్త'ను పట్టుకుని అదే బోనులో వేసి, గూడు కనబడకుండా వంటింటి మూలన పెట్టింది. మిగతావాటిని గంప కింద మూసి, పైన గోనెపట్ట కప్పింది. ఖాళీ గూట్లోంచి పాత మన్ను ఎత్తేసి, కొత్త ఇసుక పోశాం. కుడివైపు ఉన్న నీళ్ల మూకుడు ఎడమవైపుకు పోయింది. పగిలిన కుండపెంకులు, ఇటికలు, వేపకొమ్మలు తెచ్చి దాక్కోవడానికి చాట్లు చేసింది. ఇల్లు సర్దుతున్న పెళ్లికూతురిలా అటూ ఇటూ జరిపి చూసుకుంది. అప్పుడు నా పిట్టను ఒక్కదాన్నే అందులో వదిలింది.

అది కాసేపు బిత్తరపోయింది. తర్వాత మూకుడు దగ్గరికి పోయి నీళ్లు తాగింది. కుండపెంకు కింద దూరి బయటికి వచ్చింది. ఆ తర్వాత ఇసుకలో పక్కకు ఒరిగి, కాళ్లు చాచి, రెక్కలు కొట్టి పొర్లాడింది. పుట్టాక అంత హాయిగా పొర్లాడ్డం అదే మొదలు. అప్పుడు వదిన గంప కొంచెం ఎత్తి, ముసలి పెట్టను తెచ్చి లోపల పెట్టింది. కాసేపాగి మరోదాన్ని. చివరికి మగపిట్టను. అవన్నీ మెడలు సాగదీసి, తెలియని ఇంటికి వచ్చిన చుట్టాల్లా ఒదిగి ఒదిగి నడిచాయి. నీళ్లెక్కడున్నాయో, ఎక్కడ దూరాలో వాటికి తెలియదు. తెలిసింది ఒక్క మసితలదానికే. అది కుండపెంకు చాటునుంచి దర్జాగా బయటికి వచ్చి మేత దగ్గరికి నడిచింది. నేను వదిన చేయి గట్టిగా పట్టుకున్నాను. మగపిట్ట దాని చుట్టూ ఒకసారి తిరిగింది. తిరిగి, పక్కనే నిలబడి నూకలు తినసాగింది.

తెల్లవారి చూస్తే అన్నీ ఇసుకలో ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయి, మసితల మధ్యలో ఉంది. సాయిబు గోడ మీంచి వంటింటివైపు చూసి, "ఇప్పుడు పట్టినావక్కా అసలు దొంగను" అన్నాడు. నేను మూట కట్టుకుంటూ అడిగాను, "ఈ అత్తను ఎప్పుడు ఇడుస్తావు వదినా?"

"పొగరు తగ్గినాక. కొత్త కోడలి మాదిరి తల దించుకోని పోవల్ల. లేకుంటే ఈడే ఉంటాది."

మదనపల్లె వచ్చాక ఆ ముగింపే నాకు తెలియకుండా పోయింది. ఇంట్లో ఫోను లేదు. వదినకూ నాకూ ఉత్తరం రాసే చదువు లేదు. పుంగనూరు నుంచి ఎవరైనా వస్తే, "అక్క బాగుండాది" అనేవాళ్లు. పిట్ట ఎట్లా ఉందని అడగడానికి సిగ్గేసేది. పొయ్యి ఊదుకుంటూ కూర్చున్నప్పుడల్లా, వదిన 'అత్త'ను వదిలిందా, వదిలితే ఏమైంది అని అదే ఆలోచన.

కొన్ని నెలలకు పుంగనూరు వెళ్లిననాడు వదిన మంచి వార్తో చెడ్డ వార్తో మొహంలో కనబడనివ్వలేదు. "పో, సూసుకో నీ బిడ్డను" అని పెరడు చూపించింది. గూటి ముందు గొంతుకూర్చున్నాను. మసి పోయింది, నెత్తి మీద ఈకలు వచ్చేశాయి. అన్నీ ఒకే మట్టిరంగు, ఒకే పరిమాణం. నాలుకతో చప్పుడు చేశాను. అన్నీ ఒక్కసారే తలెత్తి, మేత అనుకుని ఉరికి వచ్చాయి. ఆ గుంపులోనే, ఏ తొందరా లేకుండా, అందరికంటే వెనకాల 'అత్త' వచ్చింది. దాని పక్కన చోటు చేసుకుని ఒకటి దూరింది, 'అత్త' పొడవకుండా పక్కకు జరిగింది.

"ఏది మే నీది?" వదిన నా వెనక నిలబడి అడిగింది.

"తెలీలేదు వదినా."

"నాకూ తెలీదు" అని పకపకా నవ్వింది. అంత గర్వంగా ఆమె నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత మేము మదనపల్లెలోనే ఉండిపోయాం. వదిన పోయి కూడా చాలాకాలమైంది. కొత్తలో బోరింగు దగ్గర నిలబడితే, "నీది ఏ ఊరమ్మా?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. ఇప్పుడు నన్నెవరూ అడగరు. ఆఖరిసారి అడిగింది ఎవరో, ఏ ఏడాదో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. ఆ రోజు ఏదో నేను నీళ్లు పట్టుకుంటుండగానే, చప్పుడు లేకుండా నా పక్కనుంచి వెళ్లిపోయింది.