మా ఆవిడ తీయని సెల్ఫీ

కువైట్‌లో మా వైపు వాళ్ళంతా మా ఆవిడను 'సెల్ఫీ అక్క' అంటారు. రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లోకి కూడా ఆ పేరు పాకింది. సెలవు మీద ఊరికి పోయినప్పుడు, పెళ్ళి పందిట్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి, "మీరేనా ఆయమ్మ?" అని నవ్వి పోతుంటారు. ఆమె కూడా నవ్వుతుంది. నిజానికి ఆమె జీవితంలో ఒక్క సెల్ఫీ తీసుకోలేదు. ఆ పేరు నా వల్ల వచ్చింది. ఆ పేరు పెడుతున్నప్పుడు నేను అక్కడే ఉండి, అందరితో కలిసి నవ్వాను. యాభై దాటాక, ఆ సంగతి ఉన్నదున్నట్టు రాసెయ్యాలనిపించింది.

నేను అర్దియాలో ఒక ఇంటి డ్రైవరును. ఆమె రుమైథియాలో మరో ఇంట్లో వంట చేస్తుంది. ఒకే దేశంలో ఉన్నా మేము కలిసేది శుక్రవారం ఒక్కరోజే. మా వైపు నుంచి వచ్చినవాళ్ళలో ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి. బ్నీద్ అల్ గార్‌లో మా బంధువు ఒకాయన ఫ్లాటు అద్దెకు తీసుకున్నాడు. శుక్రవారం అందరం అక్కడ చేరి, రాగిసంగటి కెలుక్కుని, కోడికూరతో తిని, ఊరి కబుర్లు చెప్పుకుని, సాయంత్రానికి ఎవరి ఇళ్ళకు వాళ్ళం పోతాం.

డ్రైవరు పనిలో బండి నడిపేది తక్కువ, కాచుకుని కూర్చునేది ఎక్కువ. బడి ముందు, క్లినిక్ ముందు, టైలరు కొట్టు ముందు. అలా కాచుకునే వేళల్లోనే నాకు ఫోటోల పిచ్చి పట్టింది. దుమ్ముగాలి వచ్చిపోయిన పొద్దున ఆగి ఉన్న కార్ల మీద పిల్లులు నడిచిన అడుగులు ఎంత ముచ్చటగా ఉంటాయో, కాచుకున్నవాడికే తెలుస్తుంది. రొట్టెల కొట్టు నుంచి బయటికి వచ్చిన ముసలాయన కాలే రొట్టెను కారు బానెట్ మీద పరిచి, దానికి కాపలా కాస్తున్నట్టు నిలబడతాడు. ఇళ్ళ గోడల బయట దారినపోయేవాళ్ళ కోసం పెట్టిన చల్లనీళ్ళ కొళాయి కింద పిచ్చుకలు వంతులేసుకుని తాగుతాయి. ఇస్త్రీ కొట్లో తెల్లటి పొడుగు అంగీలు బారుగా వేలాడుతుంటే, వాటి మధ్యలోంచి ఇస్త్రీ చేసే అతని ముఖం ఒక్కటే నల్లగా, చెమటతో మెరుస్తుంది. చలికాలంలో మా బాబా కుటుంబం ఎడారిలో గుడారాలు వేసుకుంటే నేనూ వెళ్ళేవాణ్ణి. పొద్దున్నే గుడారం తాళ్ళ మీద మంచు చుక్కలు పూసలు గుచ్చినట్టు నిలిచి ఉండేవి. బాబా అంటే మా ఇంటి యజమాని. డ్రైవర్లందరం అలాగే పిలుస్తాం.

ఈ ఫోటోలన్నీ శుక్రవారం మా ఆవిడకు చూపించేవాణ్ణి. ఆమె ఫోనును చేయంత దూరం పట్టుకుని చూసేది.

"మనుషుల్ని ఇడ్సిపెట్టి గోడలు తీస్తావేందయ్యా? గోడకేమన్నా పెండ్లి సంబంధం సూస్తాండావా?" అనేది. అంటూనే ఎక్కడో ఒకచోట వేలు ఆపి, "ఇది ఉండనీ" అనేది. ఆమె 'ఉండనీ' అన్నవే నేను దాచుకునేవాణ్ణి.

ఒకరోజు ఊరి నుంచి వచ్చినాయన ఉలవలు, చింతపండు, ఎండు మిరపకాయలు తెచ్చిచ్చాడు. బాబాను రుమైథియాలో క్లినిక్ దగ్గర దించి, ఆ సంచీ ఇచ్చిపోదామని ఆమె పనిచేసే ఇంటికి వెళ్ళాను. సందువైపు చిన్న గేటులోంచి పోతే వంటింటి వెనక గుమ్మం వస్తుంది. బయటి మగవాళ్ళు అంతవరకూ రాకూడదు. ఆ సంగతి నాకు తెలుసు. సంచీ ఇచ్చి పోవడానికి ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాను.

ముందురోజు ఆ ఇంటికి చుట్టాలు వచ్చినట్టున్నారు. పదిమంది చుట్టూ కూర్చుని తినే పెద్ద స్టీలు తాంబాళాన్ని ఆమె కడిగి, రెండు చేతులతో పైకెత్తి నీళ్ళు ఓడుస్తోంది. కిటికీలోంచి వచ్చిన ఎండ తాంబాళం మీద పడి, అక్కడి నుంచి ఆమె ముఖం మీదికి తిరిగింది. తలకు గుడ్డ కట్టుకుని, ముంజేతుల మీద నురగతో, నన్ను చూసి "నువ్వేందీడ!" అన్నట్టు నోరు తెరిచింది. పెళ్ళినాటికన్నా బాగుందనిపించింది. నేను అడగలేదు. తీసేశాను.

ఆ ఫోటోను స్టేటస్‌లో పెట్టాను. మా ఊళ్ళవాళ్ళ గ్రూపులోనూ పెట్టాను. క్లినిక్ బయట కారులో కూర్చుని, వచ్చే మెచ్చుకోళ్ళు చదువుకుంటూ మురిసిపోయాను. "అన్నా, వదినకు సినిమా ఛాన్సు ఖాయం" అని ఒకరు. "తాంబాళం యాడ కొన్న్యారు?" అని ఇంకొకామె.

అంతలో రాయచోటి సాయబు ఫోను చేశాడు. శుక్రవారాలు మాతోపాటు ఫ్లాట్లో గడిపే స్నేహితుడు. ఫోన్లు బాగుచేసే కొట్లో పని.

"అన్నా, ఆ ఫోటో తీసెయ్. ముందు తీసెయ్, మాటలు తర్వాత."

"ఏం, బాగలేదా?"

"బాగుండాదనే కదా పెద్దది సేసి సూసినా. తాంబాళంలో ఒక ఆడబిడ్డ ఉండాదన్నా. తలమీద గుడ్డ లేదు. పండ్లన్నీ కనపడేట్టు నవ్వుతాండాది. ఎవరాయమ్మ?"

నేనూ పెద్దది చేసి చూశాను. తాంబాళం కొంచెం లోపలి గుమ్మం వైపు వంగి ఉంది. ఆ గుమ్మంలో నిలబడ్డ ఆ ఇంటి కూతురు, జుట్టు విరబోసుకుని, ఇంట్లో వేసుకునే బట్టల్లో, అద్దంలో పడ్డట్టు పడింది. తల కప్పుకోకుండా ఆ పిల్ల వీధిలోకి కూడా రాదు. ఇక్కడ ఇంటి లోపలిది లోపలే ఉండాలి. పనిలో చేరిన రోజే మనకు చెప్పే మొదటి మాట, ఇంట్లో ఫోటోలు తీయొద్దని. ఇన్నేళ్ళు ఇక్కడుండి, వెలుగు చూసుకుంటూ నేను ఆ మాట మరిచిపోయాను.

స్టేటస్‌లోంచీ గ్రూపులోంచీ ఆ ఫోటో తీసేశాను. అప్పటికే మా గ్రూపులోనే ఉన్న, ఆమె పనిచేసే వీధి డ్రైవరు ఒకడు దాన్ని ఇంకొకరికి పంపాడు. పక్కింటి వంటమనిషి చూసి, తన యజమానురాలికి చూపించింది. సాయంత్రానికి మా ఆవిడ యజమానురాలికి చేరింది. ఇంటామెను పనివాళ్ళు మామా అంటారు. మామా పిలిచి అడిగిందట.

ఆ సాయంత్రం మా ఆవిడ ఫోను చేసి గబగబా చెప్పింది.

"నేనే తీసుకున్న్యానని సెప్పినా. ఉప్పు డబ్బాకు ఫోను ఆనిచ్చి తీసి, నీకు పంపినానని. నువ్వు తెలీక పెట్టినావని."

"అట్లెందుకు సెప్తివే? నేను పోయి..."

"పోయి ఏం సేస్తావ్? వంటింటి కాడికి మొగోడు వచ్చినాడని తెలిస్తే నా పని పోతాది, నీ కఫీల్‌కు, అదే మీ బాబాకు, ఫోను పోతాది, ఇద్దర్నీ ఊరికి తోలేస్తారు. పెండ్లయినాక ఇద్దరం ఒక్క ఇమానంలో పోయింది లేదు, అప్పుడు పోతాం. నోరు మూసుకోయ్యా. ఖలాస్."

పని పోలేదు గానీ, శుక్రవారం సెలవు ఆగిపోయింది. ఫోను కూడా మామా దగ్గరే. సాయంత్రం కాసేపు ఇంటికి మాట్లాడుకోవడానికి ఇచ్చేది. ఎన్నాళ్ళో చెప్పలేదు.

ఆ శుక్రవారం ఫ్లాట్లో ఇదే కబురు. "ఉప్పు డబ్బాకు ఆనిచ్చి తీసుకున్న్యాదంట! సెల్ఫీ అక్క అయిపాయ మనక్క!" అన్నాడు మా బంధువు. అందరూ విరగబడి నవ్వారు. నోరు మూసుకోమని ఆమే చెప్పింది కాబట్టి నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. "ముందర్నుంచీ అంతే. అద్దం కనపడితే ఇడ్సదు" అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. దానంతట అదే, హాయిగా, నా నోట్లోంచి వచ్చింది. సాయబు ఒక్కడు మాత్రం నవ్వకుండా నావైపు చూసి, ఉల్లిపాయలు తరుక్కుంటూ ఉండిపోయాడు.

తర్వాత శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. ఫోటోలు తీస్తూనే ఉన్నాను. 'ఉండనీ' అనే మనిషి లేక, ఏది దాచాలో తెలిసేది కాదు. రంజాను వచ్చి వెళ్ళింది. పండగనాడు సాయంత్రం ఆమె ఫోనులో అంది: "మామా కొత్త గుడ్డలు పెట్టింది. మంచి రంగు. యాడికి కట్టుకుని పోయేది, సింకు కాడికా?"

నవ్వుతూనే అంది. ఆ రాత్రి నాకు తిండి దిగలేదు. మర్నాడు కారు నడుపుతూ బాబాకు మొత్తం చెప్పేశాను. ఆయన పెద్దాయన, నిదానస్తుడు. చెప్పేది ఆసాంతం విన్నాడు.

"నీకు పెళ్ళయి ఎన్నేళ్ళయింది?"

"ఇరవై అయిదు, బాబా."

"ఇరవై అయిదేళ్ళయినా అడక్కుండా ఫోటో తీశావా? నేను మా ఆవిణ్ణి అడక్కుండా ఇంట్లో కిటికీ కూడా తెరవను." వాచీ చూసుకుని, "యల్లా, రుమైథియాకు పోనీ" అన్నాడు.

ఇక్కడ ఇళ్ళలో ముందువైపు మగవాళ్ళు కూర్చునే పెద్ద గది ఉంటుంది, దివానియా అంటారు. సాయంత్రం ఎవరైనా రావచ్చు, ఏ తగవైనా మాట్లాడుకోవచ్చు. బాబా నన్ను వెంటబెట్టుకుని మా ఆవిడ పనిచేసే ఇంటి దివానియాలోకి నడిచాడు. ఇంటాయన కాఫీ ఇప్పించాడు. నేను కప్పు పక్కన పెట్టేశాను. వచ్చీరాని అరబ్బీలో చెప్పాను: నేనే వచ్చాను, నేనే తీశాను, నేనే పెట్టాను, ఆమెది తప్పులేదు. ఇంటాయన లోపలికి కబురు పంపాడు. మామా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇప్పుడా వచ్చేది?" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఫోటోలో ఆమె రెండు చేతులూ తాంబాళం మీదే ఉన్నాయి. ఫోనులో నంబరు ఎక్కించాలన్నా నా కూతుర్నే పిలుస్తుంది. ఉప్పు డబ్బా ఫోటో తీసిందంటే నమ్మడానికి నేను పిచ్చిదాన్నా? మొదటిరోజే తెలుసు. తీసినవాడు వచ్చి ఒప్పుకునేదాకా ఆమెకు శుక్రవారం లేదని ఆరోజే అనుకున్నాను. మగవాడు కదా, వారంలో వస్తాడనుకున్నాను."

ఆమె ఆ వంటింట్లో గడిపిన ప్రతి శుక్రవారమూ నేను పెట్టిన శిక్షేనన్నమాట. కూతురికి క్షమాపణ చెబుతున్నానని తల వంచి అన్నాను. తలుపు వెనక నుంచి ఆ పిల్ల గొంతు వినబడింది: "ఇంతకీ నేను బాగా పడ్డానా?"

మామా గిర్రున వెనక్కి తిరిగి చూసింది. బాబాకు కాఫీ పొలమారింది.

ఆ శుక్రవారం మా ఆవిడ పండగ బట్టల్లోనే వచ్చింది. బస్సు దిగీ దిగగానే, "నిన్నెవరు పొమ్మన్న్యారు ఆడికి?" అని మొదలుపెట్టింది. మామా అన్నమాటలు చెప్పాను. నడుస్తున్నదల్లా ఆగిపోయింది.

"అయితే నువ్వు అప్పుడే వచ్చింటే... నేను ఆడ అన్ని శుక్రవారాలు కూసోనే పనిలేదా?"

"ఊఁ."

"నేనాడ గిన్నెలు తోముతాంటే, నువ్వీడ సంగటి మింగుతాండావు."

"సరిగ్గా దిగలేదే."

ఆమె నా పొట్టవైపు చూసింది. "అవును, కనపడతానే ఉంది ఎట్ల దిగలేదో." తర్వాత, చేతిసంచీతో నా భుజం మీద ఒక్కటి వేసి, "మనోళ్ళకు సెప్పు" అంది. చెబుతానన్నాను.

ఫ్లాట్లో అడుగు పెట్టగానే "సెల్ఫీ అక్క వచ్చె!" అని కేకలు. ముద్దలు వడ్డించేశారు. తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాక మరోసారి అనుకున్నాను. అలా కొన్నేళ్ళు గడిచిపోయాయి. ఆమె మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు నేను అడిగే తీస్తాను. అడిగితే చాలామంది చొక్కా సర్దుకుంటారు, నేను చూసింది కాస్తా పోతుంది. అయితే అడిగిన మరుక్షణం మనిషి ముఖంలోకి ఒక సిగ్గు వస్తుంది. అది కూడా బాగుంటుందని ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇస్త్రీ అతను "ఆగన్నా" అని వెళ్ళి, అప్పుడే ఇస్త్రీ చేసిన ఎవరిదో అంగీ తొడుక్కుని వచ్చాడు. ఆ ఫోటో ఆమె 'ఉండనీ' అంది.

ఈమధ్య ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఒకామె ఫ్లాట్లో ఆమె పక్కన కూర్చుని, "సెల్ఫీ అక్కా, నాకూ నేర్పియ్యక్కా" అని ఫోను చేతిలో పెట్టింది. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏదో నొక్కింది. సగం నుదురు, పైన తిరిగే ఫ్యాను పడ్డాయి. అందరూ నవ్వారు. "మర్సిపోయినా లేమ్మా, శానా ఏండ్లాయ" అంది ఆమె, నావైపు చూడకుండా. నా అబద్ధాన్ని ఇన్నేళ్ళ తర్వాత కూడా తనే కాస్తోంది.

అందుకే ఇది రాశాను. ఆనాడు ఆ ఫోటో పెట్టిన గ్రూపులోనే పెడుతున్నాను. పెట్టేముందు నిన్న ఆమెకు చదివి వినిపించాను. వింటున్నంతసేపూ చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ కూర్చుంది. చివరికి తలెత్తి, "అంతా రాసినావు గానీ, ఆ ఫోటోలో నేను బాగుండానని గట్టిగా రాయలేదేందయ్యా?" అంది.

బాగుంది. నేను తీసిన వాటిలో అంత బాగా ఇంకెవరూ పడలేదు.