పిచ్చయ్యకు బైండోవరు

కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఒకసారి మా పిచ్చయ్య పోట్లాట గెలవడం కళ్లారా చూశాను. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకున్న ట్రాక్టర్లన్నీ వరసలో ఉంటే, ఎవడో పార్టీవాడి బండి వెనకనుంచి వచ్చి ముందు దూరబోయింది. నేనైతే వాడి ఏడు తరాలనూ కడిగేద్దును. పిచ్చయ్య ఆ బండి ముందు చక్రానికి ఆనుకుని కూర్చుని, క్యారేజీ విప్పి అన్నం కలిపాడు. "అబ్బాయ్, తొక్కిస్తే తొక్కించు గానీ, ఈ గోంగూర అయిందాకా ఆగు" అన్నాడు. వరసలో వాళ్లంతా పగలబడి నవ్వారు. బండి వెనక్కి పోయింది.

మా అక్క కొడుకు వాడు. ఇంత మిర్చి, ఇంత పత్తి వేసుకుని బతుకుతాడు. ఊళ్లో ఎవరు కొట్టుకున్నా మధ్యకు పోవడం ఒక్కటే వాడికున్న జబ్బు.

ఇలాంటివాణ్ణి ప్రతి ఎలక్షన్‌కీ పోలీసులు బైండోవరు చేస్తారు. ఏ గొడవా చెయ్యనని తాసీల్దారు ముందు సంతకం పెట్టిస్తారన్నమాట. వెనకటి ఓ ఎలక్షన్లో రెండు బజార్లవాళ్లు రాళ్లు రువ్వుకున్నప్పుడు, రాయి తగిలి కన్ను పోయిన తన తమ్ముడు బాలుని వీడు భుజాన వేసుకొచ్చాడు. చొక్కా నిండా నెత్తురుంది కదా అని పోలీసులు గొడవ చేసినవాళ్లలో వీడి పేరూ రాసేశారు. కోర్టు కేసు కొట్టేసినా, స్టేషన్లో ఆ పేరు కొట్టెయ్యడానికి ఎవరికీ తీరిక లేదు. రాళ్లేసినవాళ్లేమో కండువాలు కప్పుకుని జీపుల్లో తిరుగుతున్నారు.

మొన్నటి పార్లమెంటు ఓట్లప్పుడు, ప్రచారం ఆఖరి రోజున తూర్పు బజారు కోటేష్, పడమటి బజారు రఘురామ్ చెరో పార్టీ తరఫునా ఒకే పూట సెంటర్ మీదుగా ఊరేగింపు తీస్తామని పంతం పట్టారు. ఇద్దరికీ పర్మిషన్ ఇచ్చిన మహానుభావుడెవరో! పిచ్చయ్య ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగి, ఒకరిని పొద్దున, ఒకరిని మధ్యాహ్నం వెళ్లేలా ఒప్పిస్తున్నాడు. తీరా ఆ రోజు తెల్లారగానే కానిస్టేబుల్ వచ్చి వాణ్ణి స్టేషన్‌కు పట్టుకుపోయాడు. ముందుజాగ్రత్తట!

ఆటో ఎక్కి పోయి ఎస్సై మీద విరుచుకుపడ్డాను.

"ఏమయ్యా, మంట ఆర్పేవాణ్ణి తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టావు. అంటించేవాళ్లకు సెల్యూట్ కొడతావా?"

"పెద్దమ్మా, పైనుంచి ఆర్డరు. మీది సెన్సిటివ్ ఊరు."

"మీ తెలివికి మా ఊరు అట్టాగే ఉంటది!"

పిచ్చయ్య నన్ను పక్కకు లాగాడు.

"ఆయనతో ఎందుకు పిన్నీ? కోటేష్ పొద్దున బయల్దేరతాడు. రఘురామ్ మధ్యాహ్నం దాకా ఆగాలి. ఆగేవాడే, కానీ భయపడ్డాడంటారని జంకుతున్నాడు. ఎవరైనా వెళ్లి నలుగురి ముందూ బతిమాలితే ఆయన పరువు నిలబడుద్ది. ఫోన్లో అడిగితే లాభం లేదు. నువ్వెళ్లు."

"నేనా? ఆ రఘురామ్ గాణ్ణి బతిమాలడమా? నీకేమన్నా మతి పోయిందంట్రా?"

"ఇంకెవరిని పంపినా అవతలి పార్టీవాడంటారు. ఊళ్లో రెండు పార్టీలనీ సమానంగా తిట్టింది నువ్వొక్కదానివే."

"పోతేపోనీరా, తలకాయలు పగలగొట్టుకుని చావనీ."

"కోటేష్ వెనకాల మన బాలుగాడున్నాడు పిన్నీ, జెండా పట్టుకుని. చెబితే వినలేదు. వాడికి మిగిలింది ఒక్క కన్ను."

కొంగు నడుముకు దోపుకుని, "సరే, ఏమనాలో చెప్పి ఏడువు" అన్నాను.

"రఘురామ్ గారూ అని పిలువు. మీరు పెద్ద మనసు చేసుకోవాలి బాబూ అను. ఆయన ఏమన్నా సరే, నా మీద ఒట్టు, ఎదురు చెప్పమాక."