కడగకూడని ముంత

మా అత్తగారి ఇల్లు ప్రొద్దుటూరులో. ఇంటి వెనక రొట్టెలు కాల్చే భట్టీ, ముందువైపు డబల్ రొట్టెల అంగడి. నేను జమ్మలమడుగు నుంచి కోడలుగా వచ్చింది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో. అప్పట్లో ఊళ్ళో రొట్టె తినేది జ్వరం వచ్చినవాళ్ళు, ఆఫీసర్లు, మా బంధువులు. అయినా భట్టీ రోజూ వెలిగేది.

రొట్టె పొంగడానికి పూర్వం పిండిలో కల్లు పోసేవాళ్ళట. చుక్క ముట్టని మా మామకు కూడా కల్లు కుండ కొనక తప్పేది కాదని అత్త నవ్వుతూ చెప్పేది. మద్యనిషేధం వచ్చి కల్లు బందైనప్పుడు, ఆఖరి కుండ అడుగున మిగిలిన మడ్డిలో మైదా, బెల్లం కలిపి ఆమె ఒక మట్టి ముంతలో దాచింది. రొట్టెను పొంగించే ఆ పులిసిన పిండే మా ఖమీరు. రోజూ అందులోంచి తీసి రొట్టె పిండిలో కలిపేది, అడుగున పిడికెడు వదిలి దానికే మళ్ళీ కొత్త పిండి పెట్టేది. అట్లా ఏళ్ళ తరబడి ఒకటే ఖమీరు. ఆ ముంతను ఎవరూ కడగరు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా పుట్టింట్లో శుభ్రం ఒక పిచ్చి. చెంబు మీద నీటి మరక కనిపించినా మా అమ్మ ఊరుకునేది కాదు. పెళ్ళయిన రెండో వారం, అత్త వేంపల్లెకు చావు పలకరింపుకు పోయిన రోజు, మంచి కోడలు అనిపించుకుందామని వంటిల్లంతా తోమేశాను. మూల ఆ ముంత కంటబడింది. అడుగున పిడికెడు బూడిదరంగు పిండి, పులిసిన కంపు. కోళ్ళకు వేశాను, అవి ఇష్టంగా తిన్నాయి. మరిగిన నీళ్ళు పోసి, బూడిదతో రుద్ది, ముంతను ఎండలో బోర్లించాను. ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా.

సాయంత్రం వచ్చిన అత్త బోర్లించిన ముంతను చూసి అక్కడే కూలబడింది. ఇంట్లో మాది ఉర్దూ. కోపం వస్తే మాత్రం ఆమె వీధంతా వినేలా తెలుగులోనే తిట్టేది. ఆ రోజు తిట్టలేదు. "లోపల ఉన్నేది యాడ పోసినావు మ్మే?" అంది. కోళ్ళను చూపించాను.

అప్పుడు ఆమె ముంత కథంతా చెప్పింది. భట్టీ ఆర్పిన కోడలిని ఎవరుంచుకుంటారు? తెల్లారితే జమ్మలమడుగు బస్సు ఎక్కిస్తారని నిశ్చయించుకుని నా ట్రంకుపెట్టె వైపే చూస్తూ నిలబడ్డాను.

మామ వచ్చి, "ముంత కడిగింది ఎవరు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా అత్త, "నేనే. మతి లేకుండా కడిగేసినా," అంది. ఇన్నేళ్ళూ కాపాడి ఇదేం పోయేకాలమని మామ నా ముందే, నా మొగుని ముందే ఆమెను నానా మాటలూ అన్నాడు. ఆమె తల వంచుకుని విన్నది. నేనే కడిగానని చెప్పే ధైర్యం నాకు రాలేదు. ఆ పిరికితనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"పులివెందులలో మన బిడ్డ ఇంట్లో ఉండేది మన ఖమీరే గదా. రేపు పోయి తెస్తా," అన్నాడు మామ.

"బిడ్డ ఇంటికి పోయి అడుక్కొచ్చే గతి నాకు పట్టలేదు. కొత్తది చేస్తా," అని అత్త మొండికేసింది. తర్వాత వంటింట్లోకి వచ్చి నాతో మెల్లగా చెప్పింది. "ఖమీరు ఎట్ల పోయిందని నీ ఆడబిడ్డ తవ్వి తవ్వి అడుగుతాది. దాని నోట్లో మాట ఆగదు, మీ జమ్మలమడుగు దాకా పోతాది. ఖమీరు పోతే ఇంగోటి చేసుకుంటాం. నీ పేరు పోతే యాడ తెచ్చేది?"

మరుసటి రోజు ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, ఉడకబెట్టి, ఆ నీళ్ళలోనే మెదిపి, బెల్లం, మైదా కలిపి ముంతకు గుడ్డ కట్టాం. చలికాలం. భట్టీ ఆరిపోయిన ఇంట్లో వెచ్చని చోటే లేదు. అత్త తన శాలువా తీసి ముంతకు చుట్టి, తను కొంగు కప్పుకుని కూర్చుంది. రెండు రోజులు చలనం లేదు. అంగడికి వచ్చినవాళ్ళు రొట్టె లేదా అని అడిగిపోయేవాళ్ళు, మామ లోపలికి వచ్చి సణిగేవాడు, అత్త ఆ మాటలు పడేది. మూడో రోజూ అంతే. నాలుగో రోజు మధ్యాహ్నం గుడ్డ విప్పితే పైన చిన్న చిన్న బుడగలు.

"ఊపిరి పీలుస్తాంది మ్మే!" అని అత్త నా చేయి గట్టిగా పట్టుకుంది.

ఆ ఖమీరుతో భట్టీ మళ్ళీ వెలిగింది, రొట్టె పొంగింది. మామ ఒక ముక్క కొరికి, "ఇది మన రొట్టె కాదు. ఆ కమ్మదనం లేదు," అన్నాడు. నేను తలుపు పక్క నుంచి అత్త వైపు చూశాను. అత్త ఆయన చేతిలోంచి ముక్క తుంచుకుని శానా సేపు నమిలింది. ఆ పాత రుచి ఇక రాదని ఆమెకూ తెలుసు, ముఖంలో కనిపించింది.

"ఇంట్లోకి కొత్త చెయ్యి వచ్చినాక రొట్టె మారదా? ఇంగ మన రొట్టె ఇదే. తిను," అంది.

మామ ఇంకో ముక్క అందుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. పిండి చేతులతో కళ్ళు తుడుచుకుని ముఖమంతా మైదా చేసుకున్నాను. అత్త వచ్చి చూసి నవ్వింది. ముంత నా ఒళ్ళో పెట్టి, "రేపటికి నువ్వే పిండి పెట్టు," అని చెప్పి పోయి పడుకుంది. అడుగున ఎంత వదిలానో చూడటానికి మళ్ళీ లేచి రాలేదు.