గంగ కలిసిన గోతులు

టెక్కలికీ పలాసకూ నడుమ, రైలుకట్టనానుకొని ఒక చిన్న పట్టణముంది. పేరు చెప్పి ఇప్పటివారిని నొప్పించడమెందుకు? పందొమ్మిదివందల యాభైఆరు ప్రాంతాల్లో అక్కడి పంచాయతీ బోర్డులో పట్టాభిరామయ్య గుమాస్తా. పురోహితుల ఇంట పుట్టి, మంత్రం విడిచి మురుగుకాలువల అజమాయిషీ పట్టాడని బంధువులు వేళాకోళం చేసేవారు. ఆయన పట్టించుకొనేవాడు కాడు.

పట్టణపు మురుగంతా ఒకే కాలువగా పారి, ఊరి దిగువనున్న గెడ్డ అనే వాగులో పడేది. వేసవిలో గెడ్డ ఎండితే, దాని ఒడ్డునున్న పేటలోని ఆడవాళ్లు ఆ ఇసుకలోనే చెలమలు తవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడి బిందెలు నింపుకొనేవారు. అంతకు రెండేళ్ల కిందట కలరా వచ్చి పేటలో పిల్లలు పోయారు. రత్నాలమ్మ కూతురు, పెద్దతల్లి అనే పిల్ల, వారిలో ఒకతె. సూదిమందు వేసేవాణ్ణి వెంటబెట్టుకొని పట్టాభిరామయ్య వెళ్లేసరికి ఆ పిల్లను చాపలో చుట్టేశారు.

"నిన్నొచ్చుంటే బాగున్ను బాబూ" అన్నది రత్నాలమ్మ, నిష్ఠూరమేమీ లేకుండా.

ఆ కాలువ గెడ్డలో కలవకూడదని ఆయన ఆనాడే నిశ్చయించుకున్నాడు. బోర్డువారి బంజరులో మూడు గోతులు వరసగా తవ్వించాడు. మొదటిదానిలో మడ్డి అడుగుకు దిగుతుంది. రెండవదానిలో ఇసుకా బొగ్గూ నీటిని వడగడతాయి. మూడవదానిలోకి చేరే నీరు తాగడానికి కాకపోయినా, మొక్కలకు చాలినంత తేటగా ఉండేది. ఆ ప్రాంతం పేరు ఉద్దానం; ఉద్యానమన్న మాటే అలా మారిందని పెద్దలంటారు. ఆ వ్యుత్పత్తి నిజమో కాదో గాని, కొబ్బరీ జీడీ పనసా ఒకదానినొకటి ఒరుసుకొని పెరిగే ఆ నేలకు ఆ పేరు నప్పింది. దానికున్న కొరతల్లా వేసవి నీరే.

బోర్డు ప్రెసిడెంటు గోపాలరావు షరతు పెట్టాడు. "వేసవి వెళ్లేలోగా రైతులు ఆ నీరు వాడితే గోతులుంటాయి పంతులుగారూ. లేదంటే కాలువ పాతదారినే పోతుంది."

మొట్టమొదట కడవ తెచ్చినది రత్నాలమ్మ. "మా గుంట పెద్దతల్లిని తీసుకుపోయిన మురికిదే కదేటి బాబూ? మొక్కకైనా ఉపకారం సెయ్యనీ" అన్నది. ఆమె పెరటి కొబ్బరిమొక్కలు కొత్త మట్ట వేశాయి. తక్కిన రైతులు వచ్చి చూసి, ముక్కు మూసుకొని వెళ్లారు.

"ఈ నీరు తాగిన కాయ కొడితే దేముడు మాత్రం ముక్కు మూసుకోడా?" అన్నాడు సన్యాసి అనే రైతు.

ఆ మాట పట్టాభిరామయ్య మనసులో ములుకులా నాటుకుంది. మైల శంకకు తన ఇంటి విద్యలోనే జవాబుందనుకున్నాడు. తండ్రి కాశీనుంచి తెచ్చిన గంగచెంబు, మూతికి లక్కతో, దేవుడి గూటిలో ఉంది.

భార్య త్రిపురసుందరి అడ్డం వచ్చింది. "ఇప్పుడు గంగ ఎందుకండీ?"

"దోషం పోతుందే."

"దోషం లేదని ఇన్నాళ్లూ చెబుతున్నది మీరేగా!"

ఆయన వినలేదు. వైశాఖంలో ఒక ఉదయం, పేటవారందరి ఎదుట, తడిబట్టతో మంత్రం చదివి, లక్క పగలగొట్టి, మూడవ గోతిలో గంగ కలిపాడు. ఆడవాళ్లు చేతులు జోడించారు. సన్యాసి సైతం చెప్పులు విడిచాడు. పట్టాభిరామయ్య ముఖం వెలిగిపోయింది.

ఆ ఉత్సాహంతోనే, మురుగును గోతుల్లోకి వదిలే తూము తెరవమని కాలువ పనివాడు అప్పలస్వామిని పురమాయించాడు. అతడు కదలలేదు.

"ఏటి బాబూ, గంగమ్మున్న గోతిలోకి ఊరి మురుగొదలమంటారా? పిల్లలుగలోణ్ణి."

"మొదటి గోతిలోకిరా! గంగ ఉన్నది మూడోదానిలో."

"ఇక్కడొదిలితే అక్కడికే వత్తాదని మీరే కదా సెప్పినారు?"

సన్యాసి అందుకున్నాడు. "నిన్నటిదాకా మురుగని ముట్టుకోనేదు. ఇయ్యాల్టినుంచి గంగని ముట్టుకోం. బాగా ముడేసినారు పంతులుగోరూ!"

అందరూ నవ్వారు. రత్నాలమ్మ మాత్రం ఖాళీ కడవ చంకనెత్తుకున్నది. "మొక్కలకి పోత్తే కాళ్లతో తొక్కుతాం కదా బాబూ. పాపం."

గంగలో కాశీ ఊరి మురుగు కలవడం లేదా అని ఆయన వాదించబోయాడు. దానితో ఉన్న మర్యాద కూడా పోయింది. గోపాలరావు ఎక్కువ ఆలోచించలేదు. పాపం తన నెత్తికెందుకని, కాలువను గెడ్డకే మళ్లించమన్నాడు. గోతులను పూడ్చడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు. వాటి గట్టున పసుపు రాసిన రాయి ఒకటి వెలిసింది. రోజూ ఎవరో పూలు పెట్టేవారు.

జ్యేష్ఠంలో గెడ్డ ఎండింది. ఇసుకలో సన్నని నల్లచారగా మురుగు పారుతూంటే, దానికి కొంచెం దిగువన రత్నాలమ్మ చెలమ తవ్వుతున్నది. పట్టాభిరామయ్య గట్టు దిగి వచ్చాడు.

"ఇక్కడ వద్దు రత్నాలమ్మా. కాలువకు ఎగువన తవ్వుకో."

"ఎగువంతా రాయే బాబూ. ఊట నేదు."

ఆమె ఆయన ముఖం చూసి, చీరకొంగు మడతపెట్టి బిందె మూతికి కట్టింది.

"మీరు గోతిలో వడగట్టినట్టే వడగడతన్నాను, సూడండి. మరేటీ అవదు."

చిప్పతో తోడి పోసింది. బిందె నిండేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. కొంగుమీద మిగిలిన నల్లటి నలుసును ఇసుకలో దులిపి, ఆమె బిందె నెత్తికెత్తుకున్నది.